లెదర్ షూస్ దిగుమతికి ఐఎస్ఐ లైసెన్స్ నేను తీసుకోవాలా, ఫ్యాక్టరీ తీసుకోవాలా?

గాంధీరోడ్డు_షాపు (తిరుపతి):
మాది చెప్పుల షాపు. వియత్నాం నుంచి జెంట్స్ లెదర్ డెర్బీ (లేసులు కట్టే ఫార్మల్) షూస్ చెన్నై పోర్టుకు తెప్పిద్దామని చూస్తున్నా. ఐఈసీ (దిగుమతి-ఎగుమతి కోడ్) ఉంది. సప్లయర్ ఐఎస్ఓ 9001 సర్టిఫికెట్, ఒక ల్యాబ్ రిపోర్టు పంపి ఇవి చాలంటున్నాడు. అడ్వాన్స్ వెయ్యమని వాట్సాప్‌లో ఒకటే పోరు. ఐఎస్ఐ మార్కుకు నేనే అప్లై చేసుకోవాలా?

హార్బర్_లెక్క (సొంతూరు చిత్తూరు, చెన్నైలో క్లియరింగ్ పని):
అన్నా, ముందు అడ్వాన్స్ ఆపండి. లెదర్ పాదరక్షలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేసే క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్ 2024 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. డెర్బీలకు వర్తించే ప్రమాణం (ఇండియన్ స్టాండర్డ్) నంబరు ఐఎస్ 17043. ఐఎస్ఓ 9001 అనేది ఫ్యాక్టరీ పని పద్ధతికి ఇచ్చే సర్టిఫికెట్, అది ఉన్నా ఇక్కడ లెక్కలోకి రాదు. ల్యాబ్ రిపోర్టూ అంతే, చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ సీఎల్ఆర్ఐ నుంచి తెచ్చినా అది లైసెన్స్ అయిపోదు.

లైసెన్స్ మీకు ఇవ్వరు. షూ తయారుచేసిన ఫ్యాక్టరీకి ఇస్తారు, అదీ ఆ అడ్రస్‌కు, ఆ ఐఎస్ నంబరుకు మాత్రమే. ఈ లైసెన్స్ ఇచ్చేది బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ). విదేశీ ఫ్యాక్టరీల కోసం అందులో ఎఫ్ఎంసీఎస్ అని వేరే స్కీమ్ ఉంది.

గాంధీరోడ్డు_షాపు:
అయితే ఫ్యాక్టరీ వాళ్ళ చేత నేనే అప్లై చేయిస్తే?

హార్బర్_లెక్క:
చేయించొచ్చు. ఇండియాలో ఉండే ప్రతినిధిని వాళ్ళు చూపించాలి, ఆ ప్రతినిధిగా సంతకం మీరు పెడితే బాధ్యతా మీదే. బీఐఎస్ ఆఫీసర్లు అక్కడికి వెళ్ళి చూస్తారు, రానుపోను ఖర్చు ఫ్యాక్టరీది. శాంపిల్స్ టెస్టుకు వెళ్తాయి. ఆపైన 10,000 డాలర్ల బ్యాంకు గ్యారంటీ. ఒక్క షాపు ఆర్డర్ కోసం ఏ ఫ్యాక్టరీ ఇంత తలనొప్పి పెట్టుకుంటుంది? ఇప్పటికే లైసెన్స్ ఉన్నవాళ్ళని వెతుక్కోవడమే మేలు.

చిత్తూరు_బజారు:
లైసెన్స్ ఉందంటే సరిపోదు సామీ. మాకు తెలిసిన ఒకాయనకి సప్లయర్ ఇచ్చిన నంబరు నిజమైనదే. కానీ అది ఆ గ్రూపులో ఇంకో ఫ్యాక్టరీది. డబ్బాల మీద వేరే అడ్రస్ ఉంది. కస్టమ్స్ ఆపేసింది. కంటెయినర్ అద్దె రోజురోజుకీ పెరుగుతుంటే ఆయనకి నిద్ర లేదు. చివరికి సరుకు వెనక్కి పంపారు, ఆ ఖర్చూ ఆయన మీదే పడింది. ఇన్‌వాయిస్ ట్రేడింగ్ కంపెనీ పేరు మీద వస్తే ఇంకా జాగ్రత్త. అసలు కుట్టింది ఎవరో కాగితం మీద రాయించుకోండి.

తడ_వాసి:
మా పక్కనే మాంబట్టులో పెద్ద షూ ఫ్యాక్టరీ ఉంది కాబట్టి మావాళ్ళకి ఒక ఐడియా. అప్పర్స్ (షూ పై భాగాలు) వేరే, పీయూ (పాలీయురేథేన్) సోల్స్ వేరే దిగుమతి చేసుకుని ఇక్కడ అతికించుకుంటే?

హార్బర్_లెక్క:
ఈ ఐడియా నెలకొకరు చెబుతారు 😀 పీయూ సోల్స్ కూడా తప్పనిసరి లిస్టులో ఉన్నాయి, ఐఎస్ 13893. పైగా ఇక్కడ అతికిస్తే తయారీదారు మీరే, సడలింపు వర్తించకపోతే లైసెన్స్ మీరే తీసుకోవాలి. చిన్న పరిశ్రమలకు ఇచ్చిన సడలింపులు కూడా దేశంలో తయారుచేసేవాళ్ళకే, దిగుమతికి వర్తించవు.

ఇంకొకటి. సరుకు వచ్చాక గోడౌన్లో ఐఎస్ఐ స్టిక్కర్ వేసుకోవచ్చని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. మార్కు వేసే హక్కు లైసెన్స్ ఉన్న ఫ్యాక్టరీదే. బీఐఎస్ చట్టం 2016 సెక్షన్ 29 కింద రెండేళ్ళ దాకా జైలు, లేదా మొదటిసారికి 2 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ.

శ్రీకాళహస్తి_రిటైల్:
చెక్ చెయ్యడం తేలికే. షూ మీద మార్కు పైన ఐఎస్ నంబరు, కింద సీఎం/ఎల్ అని లైసెన్స్ నంబరు ఉంటాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టండి. ఫ్యాక్టరీ పేరు, అడ్రస్, లైసెన్స్ నడుస్తోందా లేదా అన్నీ చూపిస్తుంది. సప్లయర్ పంపే పీడీఎఫ్‌ను నేనైతే అసలు నమ్మను.

గాంధీరోడ్డు_షాపు:
గట్టిగా అడిగితే ఇప్పుడు ఒక సీఎం/ఎల్ నంబరు పంపాడు. యాప్‌లో కొట్టా. అడ్రస్ కలిసింది, లైసెన్స్ నడుస్తోంది. కానీ ఐఎస్ 15844 అని ఉంది?

హార్బర్_లెక్క:
అది స్పోర్ట్స్ షూస్‌ది. డెర్బీకి పనికిరాదు. 17043 కూడా వాళ్ళ లైసెన్స్‌లో ఉందేమో అడగండి, లేకపోతే వదిలెయ్యండి.

చిత్తూరు_బజారు:
లెదర్ షూసే కావాలంటే ఆంబూరు, రాణిపేట మనకి ఎంత దూరం? పోర్టు టెన్షన్ ఉండదు. కాకపోతే అక్కడా మార్కు చూసే కొనండి.

గాంధీరోడ్డు_షాపు:
అడ్వాన్స్ వెయ్యడం లేదని చెప్పేశా. ఆంబూరులో 17043 లైసెన్స్ ఉన్న యూనిట్లు ఎవరికైనా తెలిస్తే మెసేజ్ పెట్టండి.