వై-ఫై పేరు కనిపిస్తోంది, కనెక్ట్ కావడం లేదు. మండీలో చేతి మెషిన్‌తో తిప్పలు

మండీ గుమస్తా: అన్నలూ, దామలచెరువులో మామిడి మండీ మాది. కాటా దగ్గర తూకం ఎక్కించే చేతి మెషిన్ వై-ఫైకి కనెక్ట్ కావడం లేదు. పాస్‌వర్డ్ కొడితే కాసేపు తిరిగి 'సేవ్డ్' అని నిలబడిపోతుంది. మూడు గంటలుగా ఇదే పని. ఆఫ్ చేశా, ఆన్ చేశా, పేరు తీసేసి మళ్ళీ కలిపా. తోతాపురి ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడ్డాయి. పట్టీలు (తూకం చీటీలు) చేత్తో రాస్తున్నాం, రైతులు నా మీద అరుస్తున్నారు.

కొంగారెడ్డిపల్లె: మోడల్? ఆండ్రాయిడ్ ఎంత?

మండీ గుమస్తా: మామూలు మెషినే అన్నా, బార్‌కోడ్ చదివేది. వై-ఫై బాగానే ఉంది, నా ఫోన్లో నెట్ వస్తోంది.

బైరాగిపట్టెడ మాస్టారు: ముందు ఒక మాట. వై-ఫై వేరు, నెట్ వేరు. మెషిన్‌కీ రౌటర్‌కీ మధ్య ఉండేది వై-ఫై. రౌటర్ దాటాక ఉండేది నెట్. ఇంకోటి, వై-ఫై అంటే 'వైర్‌లెస్ ఫిడెలిటీ' అని అందరూ రాస్తున్నారు. అది 1999లో పెట్టిన వ్యాపార పేరు, దేనికీ పొడి అక్షరాలు కావు.

కొంగారెడ్డిపల్లె: మాస్టారూ, అక్కడ ట్రాక్టర్లు ఆగున్నాయి.

పాత రిపేరు: పేరు కనిపిస్తోందంటే సిగ్నల్ అందుతున్నట్టే. తేడా పాస్‌వర్డ్ ఒప్పుకునే దగ్గర ఉంది. ఫోన్ హాట్‌స్పాట్‌కి కనెక్ట్ అవుతుందా? రౌటర్ ఈమధ్య మార్చారా?

మండీ గుమస్తా: హాట్‌స్పాట్‌కి వెంటనే అయింది! రౌటర్ నిన్ననే మార్చాం, పాతది పిడుగుకి పోయింది. పేరు, పాస్‌వర్డ్ పాతవే పెట్టించా కదా అని చెప్పలేదు. ఆండ్రాయిడ్ 7 అని ఉంది.

పాత రిపేరు: అదే మొదట చెప్పాల్సింది. కొత్త రౌటర్‌లో సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 మీద ఉండుంటుంది, అంటే పాస్‌వర్డ్ సరిచూసే కొత్త పద్ధతి. ఆండ్రాయిడ్‌కి అది 10 నుంచే వచ్చింది, నీ మెషిన్‌కి ఆ భాష రాదు. రౌటర్ అడుగున స్టిక్కర్ మీద అడ్రస్ ఉంటుంది, ఫోన్ బ్రౌజర్‌లో కొట్టి లోపలికెళ్ళు. వైర్‌లెస్ సెక్యూరిటీలో పాత పద్ధతి డబ్ల్యూపీఏ2 ఒక్కటే పెట్టు. రెండూ కలిపిన మోడ్ ఉన్నా వద్దు, కొన్ని పాత మెషిన్లకి అది కూడా పడదు.

కాణిపాకం కుర్రోడు: అంత ఎందుకు, పాస్‌వర్డ్ తీసేస్తే సరి.

పాత రిపేరు: తీసేస్తే మండీకొచ్చిన ప్రతి ఒక్కరూ నీ లెక్కలున్న నెట్‌వర్క్‌లోకే వస్తారు.

బైరాగిపట్టెడ మాస్టారు: ఫోన్ నెట్‌ని ఇంకో మెషిన్‌కి ఇవ్వడాన్ని హాట్‌స్పాట్ కాదు, టెథరింగ్ అనాలి. హాట్‌స్పాట్ అంటే వై-ఫై దొరికే చోటు.

కాణిపాకం కుర్రోడు: ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ అనే ఉంది సార్.

బైరాగిపట్టెడ మాస్టారు: ఫోన్‌లో రాసిందల్లా సరైనదా?

మండీ గుమస్తా: డబ్ల్యూపీఏ2 పెట్టా, కనెక్ట్ అయింది! కానీ ఇప్పుడు బ్లూటూత్ ప్రింటర్ 'పెయిర్డ్' అంటోంది, పట్టీ మాత్రం రావడం లేదు.

బైరాగిపట్టెడ మాస్టారు: పెయిర్ కావడం వేరు, కనెక్ట్ కావడం వేరు. పెయిర్ అంటే ఒకదాన్నొకటి గుర్తుపెట్టుకోవడమే.

కొంగారెడ్డిపల్లె: ఈసారి మాస్టారు కరెక్ట్. ఆ ప్రింటర్లు ఎక్కువగా ఒకసారికి ఒకరికే దొరుకుతాయి. ఇంకో ఫోన్ పట్టుకునుందేమో చూడు.

మండీ గుమస్తా: పొద్దున తమ్ముడి ఫోన్‌తో రెండు పట్టీలు తీశాం. వాడు ఇక్కడే లారీ మీద కాయ సర్దుతున్నాడు. పిలుస్తా. థాంక్స్ అన్నా.