మోటారు నీళ్లను లాగుతుందా, గాలి నెడుతుందా?

ఆత్మకూరు మెట్ట: బావి గట్టు మీద 3 హెచ్‌పీ మోనోబ్లాక్ (మోటారు, పంపు ఒకటిగా ఉండేది) ఉండాది. నీళ్లు 28 అడుగులకి దిగిపోయినాయి. ధార తెగి తెగి వస్తా ఉండాది, పంపులో గులకరాళ్లు పోసినట్టు చప్పుడు. 5 హెచ్‌పీ మారిస్తే లాగుద్దా?

పాదరసం_76: 50 హెచ్‌పీ పెట్టినా లాగదండీ. అసలు పంపు నీళ్లను లాగదు. ఇంపెల్లర్, అంటే పంపులో తిరిగే రెక్కల చక్రం, తన నడిమధ్య పీడనం తగ్గిస్తుంది, బావి నీళ్ల మీదున్న గాలి వాటిని పైపులోకి నెడుతుంది. పూర్తి శూన్యం ఉన్నా గాలి ఎత్తగలిగేది 10.3 మీటర్లు, అంటే 34 అడుగులు. పైపు రాపిడి, ఫుట్‌వాల్వు (నీళ్లు వెనక్కి పోకుండా పైపు అడుగున ఉండే కవాటం), బెండ్లు, పంపు మూతి దగ్గర మిగలాల్సిన పీడనం పోను చేతికి దక్కేది 20, 22 అడుగులు.

దర్శి షెడ్డు: మోటారు ఆపితే ధార ఆగిపోద్ది. గాలి యాడికీ పోలేదు కదా మాస్టారూ? మరి కారణం ఏది?

పాదరసం_76: నిండు సీసాలో స్ట్రా పెట్టి, మూతి చుట్టూ మైనంతో బిగించి పీల్చండి. గుక్కెడు కూడా రావు. నోరు అదే, పీల్చడం అదే, గాలి దారి ఒక్కటే మూసుకుంది.

దర్శి షెడ్డు: స్ట్రా సంగతి ఎవరడిగారు? నేను ఇంపెల్లర్ అంటా ఉండా.

ఒంగోలు డిప్లొమా: ఇంపెల్లరే కారణమైతే ప్రైమింగ్ (మోటారు వేసేముందు పంపును నీళ్లతో నింపడం) ఎందుకన్నా? గాలి నీటికన్నా 800 రెట్లు తేలిక. నీటితో 20 మీటర్ల హెడ్ (నీళ్లను ఎక్కించే ఎత్తు) ఇచ్చే పంపు, లోపల గాలి ఉంటే రెండు మూడు సెంటీమీటర్ల నీటిని కూడా కష్టంగా లేపుద్ది.

దర్శి షెడ్డు: నేననేదీ అదే. పంపులో నీళ్లుంటే గుంజుద్ది, లేకుంటే లేదు. బయట గాలి మాత్రం రెండుసార్లూ అదే గాలి.

అల్లూరు చెరువు: ముందు సక్షన్ పైపు (బావి నీళ్ల నుంచి పంపుదాకా ఉండేది) జాయింట్లు చూడండి. పంపు నడిచేటప్పుడు అక్కడ నీళ్లు బయటికి కారవు, గాలే లోపలికి పోతుంది. సబ్బు నురగ పూస్తే చిల్లి ఉన్నచోట లోపలికి పీల్చుకుంటుంది.

దర్శి షెడ్డు: షెడ్డులో పనిచేసేవాళ్లకి శాస్త్రం తెలీదనేగా మాస్టారూ మీ మాట? అరిగిన ఇంపెల్లర్ మారిస్తే నీళ్లొస్తాయి. గాలిని ఏ రైతూ మార్చలేడు. మనం మార్చగలిగేదే కారణం.

పాదరసం_76: అసలు గొడవ ఇక్కడే ఉంది. లాగుతుందనుకుంటే బలం చాల్లేదనిపించి పెద్ద మోటారు కొంటారు. అదే పైపులో ఎక్కువ నీళ్లు పోతే వేగం రెట్టింపైనచోట రాపిడి దాదాపు నాలుగింతలవుతుంది. పీడనం ఇంకా పడిపోయి చల్లటి నీళ్లే మరిగి బుడగలు లేస్తాయి. అవి పగిలే చప్పుడే ఆ గులకరాళ్లు. ఇంపెల్లర్ అంచులు పురుగు తిన్నట్టు గుంటలు పడతాయి. రైతును ముంచేది ‘లాగుతుంది’ అనే ఆ ఒక్క మాటే!

దర్శి షెడ్డు: 5 హెచ్‌పీ కొనమని నేను యాడన్నా? పైకెళ్లి చూడండి. గాలి హద్దు పెడతదంటే ఒప్పుకుంటా. పనంతా గాలిదే అంటే ఒప్పుకోను. అట్టయితే కరెంటెందుకు?

పాదరసం_76: డెలివరీ వైపు, అంటే పంపు దాటాక పైకి, ఎక్కించేది మోటారే, కాదనను. సబ్‌మెర్సిబుల్‌కి 34 అడుగుల లెక్క లేనిది అందుకే, అది నీళ్లలో మునిగి కిందనుంచి తోస్తుంది.

ఆత్మకూరు మెట్ట: అన్నా, బావిలో 10 అడుగుల కింద అరుగుండాది. మోటారు అక్కడికి దించితే?

దర్శి షెడ్డు: దించు, 18 అడుగులే మిగులుద్ది. సక్షన్ పైపు ఒక సైజు పెద్దది వెయ్యి, బెండు ఒక్కటే పెట్టు. పైపు బావి వైపుకి కాస్త వాలాలి, లేకుంటే గాలి మూటకట్టుద్ది. వానలకి నీళ్లు పెరిగితే మోటారు మునుగుద్ది, పైకి లాగేదానికి గొలుసు తగిలించి ఉంచు.

పాదరసం_76: ఇందులో ఒక్కటీ కాదనను. ఆ 10 అడుగులు తగ్గేది గాలి మోయాల్సిన ఎత్తులోనే.

దర్శి షెడ్డు: మోటారు గుంజాల్సిన ఎత్తులో.