బాక్సర్ మహమ్మద్ అలీకి వచ్చిన జబ్బు బాక్సింగ్ వల్లేనా? హెవీవెయిట్ బాక్సర్లు రిటైరయ్యాక ఏమవుతున్నారు?

ఓరుగల్లు_రాత్రులు
నిన్న రాత్రి నిద్రపట్టక యూట్యూబ్‌లో అలీ, హోమ్స్ ఫైట్ మొత్తం చూశా, 1980 అక్టోబర్‌లో లాస్ వేగస్‌లో జరిగింది. చూడకపోయినా బాగుండేది. అలీకి అప్పటికే 38, చేతులు లేవట్లేదు, కాళ్ళు కదలట్లేదు, హోమ్స్ ఏమో ఒకప్పుడు ఈయన దగ్గరే స్పారింగ్, అంటే ప్రాక్టీస్ ఫైట్లు, చేసిన కుర్రాడు, కొట్టలేక కొడుతూ రిఫరీ వైపు చూస్తున్నాడు ఇక ఆపండి అన్నట్టు. పదో రౌండ్ అయ్యాక కార్నర్‌లో అలీ ట్రైనర్ డండీ ఆపించాడు. అంత జరిగాక కూడా 1981 డిసెంబర్‌లో బహామాస్‌లో ఇంకో ఫైట్ ఆడాడు, 1984లో పార్కిన్సన్స్, అదే వణుకుడు జబ్బు, అని తేలింది.

నా డౌట్ ఏంటంటే ఆ జబ్బు మామూలోళ్ళకీ వస్తుంది కదా, మా వీధిలో రిటైర్డ్ మాస్టారికి ఉంది, ఆయన జన్మలో ఎవరి మీదా చెయ్యెత్తలేదు. మరి అలీది దెబ్బల వల్లే అని గట్టిగా చెప్పొచ్చా? మిగతా హెవీవెయిట్ల సంగతేంటి? మా బాబాయి కొడుకు 17 ఏళ్ళు, 92 కేజీలు, ప్రొఫెషనల్ బాక్సర్ అవుతానని కూర్చున్నాడు, ఇంట్లోవాళ్ళు నువ్వే చెప్పరా వాడికి అంటున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

నైట్‌డ్యూటీ_సిస్టర్
న్యూరో వార్డులో పనిచేస్తానండి. అలీ ఒక్కడి విషయంలో డాక్టర్లలోనే రెండు మాటలు ఉన్నాయి, మామూలు పార్కిన్సన్సే త్వరగా వచ్చిందని కొందరు, దెబ్బల వల్ల అని కొందరు. ఆయన్ని పక్కన పెట్టి జెర్రీ క్వారీ అనే హెవీవెయిట్‌ని చూడండి. అలీతో రెండుసార్లు, ఇంకో ఛాంపియన్ ఫ్రేజియర్‌తో రెండుసార్లు తలపడ్డ మనిషి, చివరికి తన బట్టలు తను వేసుకోలేడు, అన్నం తను తినలేడు, అన్నీ ఇంట్లోవాళ్ళే చూసుకోవాలి, 1999లో పోయేనాటికి 53 ఏళ్ళే. మాజీ ఛాంపియన్ ఫ్లాయిడ్ ప్యాటర్సన్ అయితే న్యూయార్క్ బాక్సింగ్ కమిషన్‌కే ఛైర్మన్, 1998లో ఒక కేసులో వాంగ్మూలం ఇస్తూ తను ఎవర్ని ఓడించి ఛాంపియన్ అయ్యాడో గుర్తు తెచ్చుకోలేకపోయాడు, పదవికి రాజీనామా చేశాడు.

డాక్టర్లు దీన్ని రాసింది నిన్నా మొన్నా కాదు, 1928లోనే మార్ట్‌లాండ్ అనే ఆయన దెబ్బలు తిన్న బాక్సర్లలో కనిపించే తడబాటు గురించి పేపర్ రాశాడు. తలకి దెబ్బ తగిలిన ప్రతిసారీ మెదడు లోపల కుదుపుకి సన్నటి నరాలు సాగుతాయి, ఏళ్ళ తరబడి అలా జరిగితే టౌ అనే ప్రోటీన్ ముద్దలు కట్టి పేరుకుంటుంది. బాధేంటంటే మనిషి పోయాక మెదడు కోసి చూస్తేనే ఈ జబ్బు ఉందని ఖాయంగా చెప్పగలరు.

కోడంబాకం_తెలుగోడు
అలీ 1980లో మద్రాసు వచ్చాడు, నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్ అనే బాక్సర్‌తో ఎగ్జిబిషన్ ఫైట్ ఆడాడు, మా నాన్న అప్పుడు స్టూడియోలో లైట్‌బాయ్, డ్యూటీ ఎగ్గొట్టి వెళ్ళి చూసొచ్చాడు. ఆ ఒక్క రోజు గురించి మాకు వందసార్లు చెప్పుంటాడు. 1996లో అట్లాంటా ఒలింపిక్స్ జ్యోతి వెలిగించడానికి అలీ వచ్చినప్పుడు ఎడమ చెయ్యి ఆగకుండా వణుకుతోంది, నాన్న కాసేపు చూసి కాఫీ గ్లాసు అక్కడే పెట్టేసి బయటికి వెళ్ళిపోయాడు.

ఇంకో సంగతి, ఎల్లిస్ కూడా అలీ ఊరివాడే, అమెరికాలో లూయివిల్. ఆయనా ఒకప్పుడు ఛాంపియన్, కన్ను పోయి 1975లో ఆపేశాడు, తర్వాత మతిమరుపు పట్టుకుంది, 2014లో పోయాడు. అలీ 2016లో. ఇద్దరికీ 74 ఏళ్ళే. మద్రాసులో ఆ రోజు రింగులో ఉన్న ఇద్దరిదీ ఒకటే కథ అయింది, నాన్నకి ఎల్లిస్ సంగతి నేను చెప్పలేదు.

ఇందూరు_సౌత్‌పా
అన్నా నేను నిజామాబాద్‌ల జూనియర్స్ దాక ఆడిన. అందరు నాకౌట్ గురించే మాట్లాడుతరు గని అసలు నష్టం జిమ్ముల స్పారింగ్‌లనే ఐతది. ఫైట్ ఏడాదికి మూడో నాలుగో, స్పారింగ్ వారానికి మూడు రోజులు, లెక్క వేసుకో. అలీ అదే తప్పు చేసిండు, దెబ్బలు ఓర్సుకునుడు ప్రాక్టీస్ అని స్పారింగ్ పోరగాళ్ళతోని కొట్టించుకునేటోడు. 1974ల ఆఫ్రికాల కిన్షాసాల రింగు తాళ్ళకు ఒరిగి అప్పటి ఛాంపియన్ ఫోర్‌మన్ గుద్దులన్ని మీద పడనిచ్చి గెలిచిండు, లోకమంత చప్పట్లు కొట్టింది, ఆ గుద్దులు ఎక్కడికి పోయినయి మరి? పడిపోయేటోడు ఒక్క దెబ్బతోని ఆగిపోతడు, పడనోడే అన్ని దెబ్బలు తింటడు.

హెడ్‌గార్డ్ మీద నమ్మకం పెట్టుకోకు, అది చర్మం చిట్లకుండ చూస్తది, లోపల కుదుపును ఆపది. నాకు ఒకసారి స్పారింగ్ అయినంక రెండు రోజులు తలకాయ నొప్పి, ట్యూబ్‌లైట్ చూస్తే వాంతికొచ్చేది, కోచ్‌కు చెప్పలే, చెప్తే టీంల నుంచి తీసేస్తడని భయం. మీ తమ్ముడు గూడ చెప్పడు, మీరే అడగాలె.

పాతఫైట్ల_అభిమాని
మరీ భయపెడుతున్నారు. ఫోర్‌మన్ 81 ఫైట్లు ఆడాడు, 45 ఏళ్ళప్పుడు 1994లో మళ్ళీ ఛాంపియన్ అయ్యాడు, 76 ఏళ్ళు బతికి 2025లో పోయాడు, పెద్దయ్యాక కూడా చక్కగా మాట్లాడేవాడు. అందరికీ రాదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
అందరికీ రాదు, నిజమే సార్. కానీ ఫోర్‌మన్ 1977 నుంచి 1987 దాకా పదేళ్ళు రింగ్ ఎక్కలేదు, అదీ లెక్కలోకి తీసుకోవాలి కదా. ఆ పదేళ్ళే కాపాడాయని నేను అనలేను కానీ ఎవరికి వస్తుందో ముందే చెప్పే పరీక్ష కూడా లేదు.

ఇంకోటి, తమ్ముడు ఆడే చోట అంబులెన్స్ ఉందో లేదో కనుక్కోండి. 2013లో న్యూయార్క్‌లో మగొమెద్ అబ్దుసలామొవ్ అనే హెవీవెయిట్ ఫైట్ అయ్యాక ట్యాక్సీలో ఆస్పత్రికి వెళ్ళాల్సొచ్చింది, మెదడులో రక్తస్రావం, కోమా, తర్వాత పక్షవాతం. న్యూయార్క్ రాష్ట్రం 2.2 కోట్ల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. ఆయనకి ముగ్గురు ఆడపిల్లలు.

ఓరుగల్లు_రాత్రులు
అందరికీ థాంక్స్. తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆ హోమ్స్ ఫైట్ చూపించా. తొమ్మిదో రౌండ్‌లో ఫోన్ బోర్లా పెట్టేశాడు. మానేస్తాననలేదు, ప్రో మాట కూడా ఎత్తలేదు. స్పారింగ్ అయ్యాక ఎప్పుడైనా తలనొప్పి వచ్చిందా అని అడిగితే కాసేపు ఆగి, రెండుసార్లు అన్నాడు. రేపు వాడితోపాటు జిమ్‌కి వెళ్తున్నా.