సముద్రపు అల ఏ రకం తరంగం?

కావలి నుంచి ఒక తల్లి:
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. తిర్యక్ తరంగంలో కణాలు తరంగ దిశకు లంబంగా కదులుతాయి, అనుదైర్ఘ్య తరంగంలో అదే దిశలో ముందుకూ వెనక్కూ కదులుతాయి. ఊపిన తాడు మొదటిది, ధ్వని రెండోది. ఇంతవరకూ తనకు తెలుసు. తుమ్మలపెంట తీరంలో వల బెండును చాలాసేపు గమనించింది. అల వచ్చినప్పుడు అది పైకి లేచి ఒడ్డు వైపు కాస్త జరుగుతుంది, అల దాటగానే దిగి వెనక్కి పోతుంది. మరి ఇది ఏ రకం? అల ఒడ్డు చేరుతుంటే బెండు ఎందుకు చేరదు? నాకు జవాబు తెలియలేదు. దయచేసి చెప్పండి.

ఒంగోలు నుంచి, విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు:
అమ్మా, మీ అమ్మాయి చూపు చాలా గొప్పది. ఉపరితలపు అల ఆ రెండు రకాల కలయిక. లోతైన చోట నీటి కణం దాదాపు గుండ్రంగా తిరుగుతుంది: శృంగం (అల పై కొన) వద్ద ముందుకు, ద్రోణి (రెండు కొనల మధ్య పల్లం) వద్ద వెనక్కు. చుట్టు పూర్తయ్యేసరికి ఇంచుమించు మొదటి చోటికే వస్తుంది. ఒడ్డుకు చేరేది ప్రధానంగా శక్తి, నీరు కాదు. బెండు చెప్పింది అదే.

ఇక్కడ లెక్క అందంగా ఉంటుంది. రెండు శృంగాల మధ్య 8 సెకన్ల వ్యవధి ఉంటే, లోతు నీటిలో తరంగదైర్ఘ్యం, అంటే ఆ శృంగాల మధ్య దూరం, సుమారు 100 మీటర్లు. వేగం అంటే తరంగదైర్ఘ్యాన్ని పౌనఃపున్యంతో (సెకనుకు వచ్చే అలల సంఖ్యతో) గుణించడమే కనుక సెకనుకు 12.5 మీటర్లు. తరంగదైర్ఘ్యంలో సగం లోతున, అంటే 50 మీటర్ల దగ్గర, కణాల కదలిక పైనున్న దానిలో 4 శాతమే. అంతకన్నా లోతు తగ్గితే అలకు అడుగు తగలడం మొదలవుతుంది. రెండున్నర మీటర్ల లోతుకు వచ్చేసరికి వేగం సుమారు 5 మీటర్లకు, తరంగదైర్ఘ్యం 40 మీటర్లకు పడిపోతాయి. పౌనఃపున్యం మాత్రం మారదు. వెనక నుంచి వచ్చే శక్తి తక్కువ చోటులో ఇరుక్కుని అల ఎత్తు పెరుగుతుంది, చివరికి విరుగుతుంది. విరిగిన తర్వాత నీరు నిజంగానే ముందుకు దూకుతుంది. కాబట్టి బెండు పరిశీలన విరుగుడుకు, అంటే అలలు విరిగే చోటుకు, అవతలే చేయాలి.

కొత్తపట్నం నుంచి, మత్స్యకార కుటుంబానికి చెందిన డిగ్రీ విద్యార్థి:
మాస్టారు చెప్పింది పడవ మీద రోజూ కనబడుతుంది. విరుగుడు దాటేవరకే కష్టం. ఆ అవతల ఎంత పెద్ద అలైనా పడవను ఎత్తి దించుతుంది, అంతే. మా పెద్దవాళ్లు విరిగే అల మీదికి వస్తే దాని కింద మునగమంటారు.

కావలి తల్లి:
మాస్టారూ, ఎంతో స్పష్టంగా ఉంది. ఒక్క మాట. 2004 డిసెంబరు 26న మన తీరాన్ని తాకిన సునామీ కూడా ఇలాంటి అలేనా?

ఒంగోలు ఉపాధ్యాయుడు:
దాని తరంగదైర్ఘ్యం వందల కిలోమీటర్లు ఉంటుందమ్మా. అందుకే 4 కిలోమీటర్ల లోతు సముద్రం కూడా దానికి లోతు లేని నీరే. పైనుంచి అడుగు వరకు నీరంతా కదులుతుంది. అక్కడ వేగం సెకనుకు దాదాపు 200 మీటర్లు, గంటకు 700 కిలోమీటర్ల పైమాట. అయినా నడిసముద్రంలో ఎత్తు సాధారణంగా ఒక మీటరు లోపే కాబట్టి పడవలోని వారికి తెలియదు. 10 మీటర్ల లోతుకు వచ్చేసరికి వేగం 10 మీటర్లకు తగ్గి, ఎత్తు పెరుగుతుంది. కొన్నిచోట్ల మొదట ద్రోణి వస్తుంది, సముద్రం వెనక్కి పోతుంది. అలా పోతే చూడటానికి ముందుకు వెళ్లకుండా వెంటనే ఎత్తైన చోటికి పరుగెత్తాలని అమ్మాయికి తప్పకుండా చెప్పండి.