షాఫ్ట్ బృందం వారి ‘రూబార్బ్ అండ్ కస్టర్డ్’ రికార్డు ఎక్కడ దొరుకుతుంది?

1991 చివర్లో, లండన్‌కు వచ్చిన కొత్తలో, రేడియోలో విని మనసు పారేసుకున్న పాట ఇది. 1974 నాటి బీబీసీ కార్టూన్‌లోని రూబార్బ్ అనే పచ్చ కుక్క, కస్టర్డ్ అనే గులాబీ పిల్లి గుర్తున్నాయా? ఆ కార్టూన్ బాణీ ముక్కల్ని రేవ్ (రాత్రంతా సాగే డ్యాన్స్ పార్టీల) దరువు మీద అతికించారు. బ్రిటన్ పాటల పట్టికలో 7వ స్థానం దాకా వెళ్లింది. పిల్లల ఆట అని కొట్టిపారేసేవారు కానీ, ఇంటిమీద బెంగతో ఉన్న నన్ను ఆ చలికాలమంతా నవ్వించింది ఈ పాటే.

రేడియో నుంచి రికార్డు చేసుకున్న క్యాసెట్టు మొన్న ప్లేయర్‌లో చిక్కుకుంది. పెన్సిలు పెట్టి మెల్లగా చుట్టాను. టేపు తెగలేదు కానీ, నలిగినచోట బాణీ వణుకుతోంది. ఆ ముడతలు తీసే ఉపాయం ఎవరికైనా తెలుసా? 12 అంగుళాల అసలు రికార్డు హైదరాబాద్‌లో గానీ లండన్‌లో గానీ ఏ పాత దుకాణంలోనైనా కనిపిస్తే దయచేసి చెప్పండి. కొత్త ముద్రణను, పాతదాన్ని ఎలా గుర్తుపట్టాలో కూడా చెబితే మేలు చేసినవారవుతారు.