అప్‌డేట్: మూడో నెలకే సగం బడ్జెట్ అయిపోయిందన్నాను కదా
ఏడాదంతా సరిపెట్టుకోవాల్సిన కొద్దిపాటి డబ్బులో సగం మూడో నెలకే అయిపోయింది, ఏం చేయాలని అప్పుడు అడిగాను. "ముందు ఖర్చులు రాయండి" అన్నారు చాలామంది. నిజం చెప్పాలంటే చిరాకేసింది. అయినా రాశాను. తీరా చూస్తే నా కొంప ముంచింది రోజువారీ ఖర్చు కాదు. ఏడాదికోసారి వచ్చిపడే ఇన్సూరెన్స్, పళ్ల డాక్టరు ఫీజు, చెప్పులు లాంటివి. ఇప్పుడు వాటి మొత్తాన్ని 12తో భాగించి, ఆ వాటాను నెల మొదట్లోనే వేరే ఖాతాలోకి తోసేస్తున్నాను. మిగిలింది వారాలకు పంచుకుంటున్నాను.

మొన్న చెప్పు తెగినా టెన్షన్ పడలేదు. (కొత్తవి కొనలేదు లెండి, కుట్టించాను.) ఫోన్‌లో దాచుకున్న కార్డు వివరాలు తీసేయడం కూడా బాగా పనిచేసింది. ప్రతిసారీ 16 అంకెలు కొట్టాలంటే బద్ధకం! అద్దె మాత్రం ఇంకా నడ్డి విరుస్తోంది. రూమ్మేట్ కోసం వెతుకుతున్నాను.