మగ గేదె దూడలకు మీథేన్ తగ్గించే పొడి అవసరమా?

శంకర్‌పల్లి పాడి:
మాకు చిన్న గేదెల కొట్టం ఉంది, పాలు హైదరాబాద్‌లో ఇళ్లకు వేస్తాం. మగ దూడ పుడితే మా వైపు ఎవరూ సంతోషించరు. తల్లి చేపడానికి రెండు గుక్కలు తాగనిచ్చి లాగేస్తారు, ఆ తర్వాత అది బతికితే బతికినట్టు. నేను మాత్రం వాటిని మాంసానికి అమ్మేలా పెద్ద దున్నలుగా పెంచాలనుకుంటున్నాను. ఇప్పుడు మేపేది వరిగడ్డి, గుప్పెడు తవుడు. దాణా దుకాణంలో ఒకాయన, పశువులు త్రేన్పులతో వదిలే మీథేన్ గ్యాసును తగ్గించే పొడి కొనమంటున్నాడు. దూడలు తొందరగా బరువెక్కుతాయట, పర్యావరణానికీ మేలట. కొనమంటారా?

విశ్రాంత పశువైద్యుడు:
ముందు దూడ బతకాలి కదండీ, పొడి సంగతి తర్వాత చూద్దాం.

పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టండి. మొదటి రోజు మొత్తం మీద దూడ బరువులో పదో వంతు అందాలి. గేదె దూడలకు ఏలికపాములు తల్లి పాలతోనే వస్తాయి. అందుకే పది రోజుల వయసులోనే పైపరజీన్ అనే పాముల మందు తాగించాలి, మోతాదు బరువు చూసి మీ డాక్టరు చెబుతారు. పొట్ట ఉబ్బి, వెంట్రుక గరుకెక్కి, పేడ బంకమట్టి రంగులో కంపు కొడుతుంటే ఇక ఆలస్యం చేయకండి. ఆరు నెలలు దాటినవాటికి తొలకరికి ముందే గొంతువాపు టీకా వేయించండి.

ఇక మీథేన్. 30 కిలోల దూడను 300 కిలోలకు తేవాలనుకుందాం. వట్టి గడ్డి మీద రోజుకు 250 గ్రాములు పెరిగితే 1080 రోజులు పడుతుంది. మేపు బాగుండి 500 గ్రాములు పెరిగితే 540 రోజులు చాలు. మిగతా 540 రోజులు మేత ఖర్చూ లేదు, గ్యాసూ లేదు. బాగా మేసే పశువు ఏ రోజుకా రోజు కాస్త ఎక్కువ గ్యాసే వదలవచ్చు. కిలో మాంసానికి లెక్క కడితే మాత్రం తక్కువే. పొడి అమ్మేవాళ్లు ఈ లెక్క చెప్పరు, అది వాళ్ల వ్యాపారం.

మేపు బాగుపడాలంటే ముందు వరిగడ్డిని యూరియాతో ఊరబెట్టండి. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించండి. గడ్డి పొరలు పొరలుగా పరుస్తూ ఆ నీళ్లు చల్లి, తొక్కి, గాలి చొరకుండా టార్పాలిన్ కప్పి మూడు వారాలు వదిలేయండి. తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి వేయండి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. యూరియా కలిపిన బకెట్టు పశువు మూతికి అందే చోట పెట్టారంటే గంటల్లో ప్రాణం పోతుంది. దీనికి తోడు పచ్చిమేత, మొక్కజొన్న నూకా, నూనె తీసిన గింజల చెక్కా, తవుడూ కలిపిన దాణా ఉండాలి. 100 కిలోల దాణాకు 2 కిలోల ఖనిజ లవణ మిశ్రమం, ఒక కిలో ఉప్పు కలపండి.

రాజేంద్రనగర్ విద్యార్థి:
డాక్టరుగారి లెక్కతో ఏకీభవిస్తాను. అయితే పొడులన్నీ బూటకం కావు సార్. మేతలోని శక్తిలో 2 నుంచి 12 శాతం దాకా మీథేన్ రూపంలో, ఎక్కువగా త్రేన్పులతో, వృథా అవుతుంది. బెంగళూరులోని జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ టానిన్లు అనే వగరు పదార్థాలున్న మొక్కలతో ‘హరిత్ ధార’ అనే మేత పొడి తయారుచేసి, మీథేన్ 17 నుంచి 20 శాతం తగ్గుతుందని చెప్పింది. యూరప్‌లో పాడి పశువులకు 3-ఎన్ఓపీ అనే మీథేన్ తగ్గించే రసాయనాన్ని 2022లో అనుమతించారు. కాకపోతే గ్యాసు తగ్గినంత మాత్రాన ఆ శక్తంతా కండగా మారుతుందని అనుకోవద్దు. దుకాణంలో అమ్మే పొట్లం మీద అందులో ఏముందో, ఎంత వేయాలో రాసి లేకపోతే వదిలేయండి.

విశ్రాంత పశువైద్యుడు:
బూటకం అని నేను అనలేదు బాబూ. ఆకలితో ఉన్న దూడకు అది మందు కాదు అంటున్నాను.

చేవెళ్ల రైతు:
మీది రేకుల కొట్టమైతే పైన గడ్డి కప్పండి. గేదెకు నల్ల తోలు, చెమట గ్రంథులు ఆవుకన్నా బాగా తక్కువ. ఏప్రిల్, మే మధ్యాహ్నాలు నీళ్లు చల్లకపోతే రొప్పుతూ నిలబడతాయి, మేత ముట్టవు. మీరు పెట్టిన దాణా తొట్టిలోనే ఉంటుంది.

శంకర్‌పల్లి పాడి:
పొడి కొనడం లేదండీ. గడ్డి ఊరబెట్టడానికి గుంత తవ్వాలా, నేల మీదే కుప్ప వేయవచ్చా?

విశ్రాంత పశువైద్యుడు:
నేల మీదే వేయండి, కింద పట్టా పరిచి. వాన నీళ్లు పారే చోటు వద్దు. గడ్డి, యూరియా రెండూ కాటా పెట్టి తూయండి, చేతి అంచనా పనికిరాదు. తర్వాత మొదటి వారం మామూలు గడ్డిలో కొంచెం కొంచెం కలిపి అలవాటు చేయండి.